చార్మినార్ పరిసరాల పునరుద్ధరణ: ప్రణాళికలో స్థానికుల భాగస్వామ్యం

ప్రత్యేక వ్యాసం

చారిత్రక కట్టడాన్ని పరిరక్షించడం ఒక పని. ఆ కట్టడం చుట్టూ నేటికీ జనం కాపురముంటూ, వ్యాపారం సాగిస్తున్న పేటను పునరుద్ధరించడం అంతకంటె క్లిష్టమైన పని. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ పరిసరాలు ఇందుకు తగిన ఉదాహరణ.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన చార్మినార్‌కు ఉత్తరాన గుల్జార్ హౌజ్, చార్ కమాన్, పత్తర్‌గట్టి ఉండగా, పడమట లాడ్ బజార్ ఉంది. అనేక చోట్ల క్రింద దుకాణం, పైన నివాసం, వెనుక సందులో కార్ఖానా కనిపిస్తాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. లక్కను నిప్పులపై మెత్తబరచి, గాజుగా వంచి, రాళ్లు పొదిగే ఈ పనిలో కొంత భాగం ఇళ్లవద్దనే జరుగుతుంది. వాహనాలను నిలిపివేసి వీధిని పాదచారులకు కేటాయించినపుడు సరుకు బండి ఏ వేళ లోపలికి రావాలి, రంజాన్ రాత్రుల రద్దీలో రోగిని ఏ సందు గుండా తరలించాలి అనే ప్రశ్నలు తలెత్తుతాయి. వీటికి సమాధానం సర్వే పటంలో దొరకదు; అక్కడివారిని అడిగి తెలుసుకోవలసిందే.

ఈ విషయమై చట్టాలు కొంత అవకాశం కల్పించాయి. వీధి విక్రయదారుల చట్టం, 2014 ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు విక్రయదారులు తమలో నుండి ఎన్నుకొన్నవారై ఉండాలి. వీరిలో మూడింట ఒక వంతు మహిళలు. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు జారీ కానంతవరకు ఎవరినీ తొలగించరాదు. పిమ్మట తరలించవలసి వచ్చినా 30 రోజుల నోటీసు తప్పనిసరి.

నివాసులకు సంబంధించినది పురావస్తు కట్టడాల చట్టం. 2010 సవరణ మేరకు రక్షిత కట్టడం నుండి కనీసం 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం కూడదు గాని, పాత ఇంటి మరమ్మతుకు సమర్థాధికారి అనుమతి పొందవచ్చును. ఈ వెసులుబాటు తెలియని యజమాని కురుస్తున్న పైకప్పును అలాగే వదిలివేసే ప్రమాదమున్నది. కట్టడాల వారీగా రూపొందించే వారసత్వ ఉపవిధుల ముసాయిదాపై అభ్యంతరాలు తెలుపుటకు ప్రజలకు 30 రోజుల గడువు ఉంటుంది. ఆ ముసాయిదా ఉర్దూ, తెలుగు భాషలలో వీధిలోనే అందుబాటులో లేనిచో గడువు ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

అయితే ఈ రెండు చట్టాలు ప్రధానంగా విక్రయదారుని, ఆస్తి యజమానిని దృష్టిలో ఉంచుకొన్నవి. అద్దెకున్నవారికి, ఇంటివద్ద గాజులకు రాళ్లు అతికే మహిళలకు వీటిలో ప్రత్యేక స్థానం కానరాదు. వీధి బాగుపడి అద్దెలు పెరిగితే ముందుగా కదలవలసి వచ్చేది వీరే. కాగా వీరి వివరాలు నమోదు చేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. ప్రణాళికకు ముందు జరిపే ఇంటింటి సర్వేలో చేర్చిన చాలును.

ఢిల్లీలోని నిజాముద్దీన్ బస్తీలో 2007లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ప్రభుత్వ సంస్థలతో కలిసి చేపట్టిన పథకం ఈ దారిలోనే నడిచింది. కట్టడాల పరిరక్షణతో పాటు మున్సిపల్ పాఠశాల, వైద్యశాల, ఉద్యానవనాల అభివృద్ధి, మహిళలకు వృత్తి శిక్షణ అందులో భాగమయ్యాయి. 2021లో ఆ పథకానికి యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

సంప్రదింపుల వేళ కూడా ముఖ్యమే. లాడ్ బజార్ వర్తకులను సాయంకాలం సమావేశానికి పిలిచిన, బేరాలు వదలి వచ్చువారు అరుదు. దుకాణాలు తెరవక ముందు, ఉదయం వేళ, ఆ వీధిలోనే సమావేశపరచుట మేలు.