మీకు తెలుసా? గుండెలో టిక్ టిక్

సూరత్ దగ్గరి డుమస్ తీరాన పక్కన కూర్చున్న మనిషి ఛాతీలోంచి సన్నటి టిక్ టిక్ వినిపిస్తే కంగారు పడకండి. అది గుండెలో అమర్చిన యాంత్రిక కవాటం మూసుకునే చప్పుడు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియతాన్ బృందం చేసిన తొలి మూడు కవాట నమూనాలూ విఫలమయ్యాయి. పట్టు వదలలేదు! నాలుగోది 1990 డిసెంబరులో మనిషి గుండెకు చేరింది. అదే చిత్ర వాల్వు.

ఇలాంటి కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు చేయించుకోవాలి. పాలకూర, తోటకూర మానక్కర్లేదు. ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. వాటిలోని విటమిన్ కె హెచ్చుతగ్గులైతే మందు ప్రభావం మారుతుంది.

సూరత్ మరమగ్గాలపై రాత్రి షిఫ్టు చేసే తెలుగు అన్నలారా, మాత్ర వేళ తప్పనివ్వకండి. పన్ను పీకించుకునే ముందు కవాటం సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.