పిల్లలు స్పోర్ట్స్ బైకు అడిగినప్పుడు



కాలేజీలో చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఈ రోజుల్లో ఒక పేచీ తప్పడం లేదు. "అమ్మా, స్పోర్ట్స్ బైకు కొనిపెట్టండి" అంటాడు అబ్బాయి. నాన్నగారిని నేరుగా అడిగే ధైర్యం చాలక ముందు వంటింటి గుమ్మంలోకే వస్తాడు. మనమేం చేస్తాం? "ఆ బండీ వద్దు, ఆ భయమూ వద్దు" అని ఒక్క మాటతో తోసిపుచ్చుతాం. లేదా, రెండు పూటలు అన్నం మానేసేసరికి కరిగిపోయి వాడు ఏది చూపిస్తే దానికే సరేనంటాం. రెండింట్లోనూ ముప్పు ఉంది. వద్దనిపించుకున్నవాడు స్నేహితుడి బండి అడిగి తీసుకుని, అలవాటు లేని చేత్తో, మనకు తెలియకుండా నడుపుతాడు. అడిగిందల్లా కొనిపించుకున్నవాడి సంగతి సరేసరి. కాబట్టి ఏ బండి ఎలాంటిదో మనమే కాస్త తెలుసుకుని, ఎంచుకునేటప్పుడు పక్కన ఉందాం. అబ్బాయి అంటున్నాను గాని, అమ్మాయిలూ అడుగుతున్నారు. అడగకేం? బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో మోటారు సైకిలు పోటీల్లో మహిళల ప్రపంచ కప్పు గెలుచుకున్నది.

ముందుగా ఈ సీసీ లెక్క. పిల్లలు నోరు తెరిస్తే నూటయాభై, మూడొందలు, వెయ్యి అంటూంటారు. అది ఇంజనులోపల పిస్టను కదిలే చోటు కొలత, అంతే. నూటయాభై సీసీ అంటే ఒక కాఫీ గ్లాసుడు. వెయ్యి సీసీ అంటే రెండు అర లీటరు పాలప్యాకెట్లు. ఆ చోటు పెరిగినకొద్దీ సాధారణంగా బలం పెరుగుతుంది. కాని కొత్తగా నడిపేవాడి విషయంలో ఇంకొక లెక్క చూడాలి. ఒక్కొక్క గుర్రపు శక్తి ఎన్ని కిలోల బండిని లాగుతున్నది?

మీ వీధిలో పాలు పోసే అతని స్ప్లెండర్ చూడండి. దాదాపు 8 హార్సు పవరు, 112 కిలోల బరువు. అంటే ఒక గుర్రానికి 14 కిలోలు. పాపం, నెమ్మదిగా లాగుతుంది. యమహా ఆర్ 15 అనే 155 సీసీ బండి 18 హార్సు పవరు, 141 కిలోలు. గుర్రానికి 8 కిలోలైనా లేదు. టి.వి.ఎస్. వారి అపాచీ ఆర్ఆర్ 310 అయితే 38 హార్సు పవరు, 174 కిలోలు. అంటే నాలుగున్నర. ఇక కవాసాకి నింజా వెయ్యి సీసీ రేసు బండి సుమారు 200 హార్సు పవరు, 207 కిలోలు. గుర్రానికి ఒక్క కిలో! ఇలాంటివి మొదటి గేరులోనే గంటకు వంద కిలోమీటర్లు దాటేస్తాయి. గుంతలో పడి మణికట్టు కొంచెం తిరిగినా బండి ఎగిరి ముందుకు దూకుతుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్లు, సైకిలు దిగినవాడు దాని మీద ఎక్కితే ఏమవుతుంది?

మన చట్టం ఇక్కడ అడ్డు రాదు. గేర్ల బండి లైసెన్సు ఒకటి చేతికొస్తే నూరు సీసీ అయినా వెయ్యి సీసీ అయినా నడపవచ్చు. యూరపు దేశాల్లో పద్దెనిమిదేళ్ళవాడికి 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్సు పవరు, దాటిన బండి ఇవ్వరు. రెండేళ్ళు ఆ చిన్నదాని మీద తిరిగాక మళ్ళీ పరీక్షో శిక్షణో పెట్టి పెద్దదానికి లైసెన్సు ఇస్తారు. మన దగ్గర ఆ మెట్లు లేవు కనుక ఇంట్లోనే మెట్లు కట్టాలి. నా మటుకు నేను, మొదటి రెండేళ్ళూ 150 నుంచి 200 సీసీ లోపు, పాతిక హార్సు పవరు దాటని బండి చాలంటాను. మన ఇళ్ళల్లో ఒకప్పుడు రాజ్యమేలిన ఆర్ఎక్స్ హండ్రెడ్ పదకొండు హార్సు పవరే. దానికే మన అత్తగార్లు గుండెలు పట్టుకునేవారు కదూ?

2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద వెయ్యి సీసీ బండి ప్రమాదంలో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ గారి పంతొమ్మిదేళ్ళ కుమారుడు ఆయాజుద్దీన్ చనిపోయాడు. వెనక కూర్చున్న బంధువుల కుర్రవాడు కూడా దక్కలేదు. ఎంత ఉన్న ఇల్లయినా ఆ లోటు తీరేది కాదు.

ఇక కూర్చునే తీరు చూడండి. స్పోర్ట్స్ బైకుకి హ్యాండిలు కిందికి ఉంటుంది, కాళ్ళు పెట్టుకునేవి వెనక్కి ఉంటాయి. నడిపేవాడు రుబ్బురోలు ముందు వంగినట్లు వంగాలి. పెద్ద రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఛాతీకి ఆసరా ఇస్తుంది గనుక బాగానే ఉంటుంది. అమీర్‌పేటలోనో, బెజవాడ బెంజి సర్కిల్లోనో ఆగి ఆగి పోతుంటే ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. కొత్తవాడు హ్యాండిలుని గట్టిగా బిగించి పట్టుకుంటాడు, అందుకే బండి తిరగదు. మోకాళ్ళతో ట్యాంకుని పట్టి, చేతులు వదులుగా ఉంచడం నేర్చుకోవాలి. పైగా ఈ బండ్ల హ్యాండిలు మామూలు బండ్లంత తిరగదు. ఇరుకు సందులో ఒక్కసారిగా వెనక్కి తిప్పబోతే అక్కడే పడతారు. మీ అబ్బాయి రోజూ వెళ్ళేది అలాంటి సందుల్లోనే అయితే, హ్యాండిలు కొంచెం ఎత్తుగా ఉన్న రకం చూడమనండి. సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ అటువంటిదే. చూడడానికి రేసు బండిలాగే ఉంటుంది, నడుము మాత్రం అంతగా విరగదు.

షాపుకి వెళ్ళినప్పుడు రంగులు చూడబోయే ముందు బండెక్కించండి. రోజూ వేసుకునే బూట్లతోనే ఎక్కాలి. రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి. జిక్సర్ సీటు నేల నుంచి 795 మిల్లీమీటర్లు, ఆర్ 15 సీటు 815. తేడా ముప్పావు అంగుళమే అయినా పొట్టి కాళ్ళకి అది చాలా దూరం. మనిషి పొడుగు కన్నా కాలి పొడుగు ముఖ్యం. తరువాత ఇంజను ఆపి, బండిని వెనక్కి తోసి బయటికి తియ్యమనండి. మీ ఇంటి గేటు దగ్గర వాలుగా ఉంటే ఇది రోజూ పడే పాటే. తొయ్యలేకపోతే ఆ బండి వద్దు.

బ్రేకుల సంగతి తప్పకుండా అడగండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండాలని నిబంధన. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారిపోకుండా అది కాపాడుతుంది. కొన్నిటికి ముందు చక్రానికే ఉంటుంది, కొన్నిటికి రెండింటికీ. రెండింటికీ ఉన్నదే తీసుకోండి. ఆ పైన పెట్టే నాలుగైదు వేలకు విచారించవద్దు.

అమ్మా, మీరు ఆ వెనక సీటు చూశారా? పిడికెడు దిండు, అదీ అటకంత ఎత్తున. మనల్ని గుడికి తీసుకువెళ్తానని మాట ఇచ్చే కొనిపించుకుంటారు గాని, చీర కట్టుకుని దాని మీద ఒక పక్కగా కూర్చోవడం సర్కసే. వెనకవారికి పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకునేవి, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్ని కప్పే చీర గార్డు, ఇవన్నీ కంపెనీవారు ఇచ్చి తీరాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అందానికి అడ్డమని కుర్రాళ్ళు గార్డు విప్పించేస్తారు. విప్పనివ్వకండి. రేపు దాని మీద చున్నీతో ఎక్కే చెల్లెలు ఉంటుంది.

డబ్బు లెక్కలో ఒక కిటుకు ఉంది. ఈ బండ్ల ఒళ్ళంతా ప్లాస్టిక్కు తొడుగులు. నిలబడిన చోటే ఒరిగి పడినా వేలల్లో బిల్లు వస్తుంది. మామూలు ఇన్సూరెన్సులో ప్లాస్టిక్కు భాగాలకు సగమే ఇస్తారు, కాబట్టి తరుగుదల కొయ్యని పాలసీ, జీరో డిప్రిసియేషన్ అంటారు, అది తీసుకోండి. కొత్తవాడు మొదటి ఏడాది ఎలాగూ ఒకసారైనా పడేస్తాడు గనుక, సర్వీసు పుస్తకం సరిగ్గా ఉన్న పాత బండి కొని, చెయ్యి తిరిగాక అమ్మేయడం మరీ తెలివైన పని. మిగిలిన డబ్బుతో ముఖమంతా కప్పే ఐ.ఎస్.ఐ. గుర్తు హెల్మెట్టు, చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు కొనండి. హెల్మెట్టు చెంపలు నొక్కినట్లుండాలి, వదులైతే లేనట్టే. 2021 వినాయక చవితి నాడు హైదరాబాదు తీగల వంతెన దగ్గర సినీనటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడింది. నెల రోజులకు పైగా ఆస్పత్రిలో ఉన్నారు. హెల్మెట్టు వల్లే బతికి బయటపడ్డానని తరువాత ఆయనే చెప్పారు.

వయసు సంగతి కూడా. పద్దెనిమిది నిండనివాడికి ఈ బండ్లు ఇవ్వకూడదు. 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా పడవచ్చు. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

బండి ఇంటికి వచ్చాక కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించిన సాయంత్రమే ఊరి బయటికి పరుగెత్తనివ్వకండి. కొత్త టైర్ల మీద నున్నటి పొర ఉంటుంది. అది అరిగేదాకా, మొదటి వంద కిలోమీటర్లూ మలుపుల్లో వాలకుండా, పొడి రోడ్డు మీద, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న వీధుల్లో నడపాలి. వాన పడిందంటే ఆ రోజుకి సిటీ బస్సే.