గింజలలోని విషము - దానిని తొలగించు విధము

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇండ్లలో రాత్రి అనుములు నానబోసి, ఉదయమున ఆ నీటిని పారబోసి, వేరు నీట ఉడికించు ఆచారము గలదు. ఎందుకని అడిగిన, "వాతము చేయు"నందురు. ఆ నీటితో పోవునది వాతమొక్కటే కాదు.

పురుగులనుండి, పశువులనుండి తన గింజను కాచుకొనుటకు మొక్క అందులో వగరునో, చేదునో, విషమునో దాచును. మనము పండించు పప్పులలో తరతరముల ఏరివేతచే అది చాలవరకు తగ్గినది. అడవిగింజలలో తగ్గలేదు. దూలగొండి గింజలోని డోపా అను పదార్థము వణుకుజబ్బుకు మందే. ఆహారముగా తిన్నచో వాంతులు, మతిభ్రమ కలిగించును. పశ్చిమకనుమలలోని కాణి తెగవారు దానిని ఏడుమార్లు నీరు మార్చి ఉడికించి తిందురు. మన ఏజెన్సీ గిరిజనులు మామిడిజీడిని నీట నాననిచ్చి, వగరు పోయిన పిదప ఎండబెట్టి, పిండిచేసి అంబలి కాచుకొందురు. 2001లో ఒరిస్సాలోని కాశీపురమున టెంక అంబలి త్రాగినవారు పలువురు మరణించిరి. ఆకలియా, బూజు పట్టిన టెంకయా కారణమని పెద్ద వాదమే నడచినది. ఆకలి లేనివారు బూజు పట్టిన టెంకను ముట్టరు గదా!

కొన్ని విషములు వేడికి నశించును. రాజ్మాలోనిది అట్టిది. నానబోసి, నీరు మార్చి, తెర్లుచుండగా పది నిమిషములకు తక్కువ కాకుండ ఉడికింపవలెను. సన్నని సెగపై సగముడికిన గింజ పచ్చిదానికంటెను ఎక్కువ కీడు చేయవచ్చును. మరికొన్ని వేడికి లొంగవు, నీటిలో కరగిపోవును. లంకపప్పు అనబడు కేసరిపప్పు ఈ రెండవ జాతిది.

వానలు లేని యేటను పండు పంట యిది. రీవా ప్రాంతమున వెట్టివారికి కూలి క్రింద దీనినే కొలిచెడివారు. రెండుమూడు మాసములు ఇదే ముఖ్యాహారమైనచో కాళ్లు బిగిసి, నడక పోవును. పోయిన నడక తిరిగి రాదు. 1963లో బెంగుళూరు భారత విజ్ఞానమందిరమున అడిగా, ఎస్.ఎల్.ఎన్. రావు, శర్మ గారలు ఇందలి విషమును పట్టుకొనిరి. 1966లో మన తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయము, నేటి జాతీయ పోషకాహార సంస్థ, సులభోపాయమును ప్రకటించినది: పప్పును మరిగిన నీటిలో పోసి, కొన్ని గంటలు నానిన పిమ్మట ఆ నీటిని పారబోసి వండుట. విషము చాలభాగము పోవును. కొంత బి విటమినూ దానితో పోవును. నడకతో పోల్చిన అది చిన్న నష్టమే. అయితే రెండుమార్లు నీరు కాచుటకు కట్టెలు కావలెను, నానువరకు ఆగు తీరిక కావలెను. ఆ పప్పునే కూలిగా పొందినవానికి ఈ రెండును కరవే. ఉపాయము తెలిసిన తరువాతను కాళ్లు పోగొట్టుకొన్నవారు ఉండుటకు ఇదియే కారణమని మా అభిప్రాయము.

గురివింద సంగతి వేరు. ఎన్ని నీళ్లు మార్చియైనను దానిని ఇంట తినచూడరాదు.

కేసరిపప్పు అమ్మకమును 1961 నాటి కల్తీనిరోధక నిబంధనలు నిషేధించినను, కొన్ని రాష్ట్రములు అమలుపరుపలేదు. కందిపప్పులో అది కలిసినదేమో అంగడిలోనే చేటలో పోసి చూడవచ్చును: కందిబద్ద గుండ్రన, కేసరిబద్ద పలకలుగా, ఒకవైపు ఏటవాలుగా నుండును. శనగపిండిలో కలిసినచో కంటికి కనబడదు. కావున శనగపప్పు కొని, ఏరుకొని, గిర్నీలో ఆడించుకొనుట మేలు.