నేపథ్య ప్రోగ్రాం దోష సందేశాలను సిస్టం లాగ్‌లో నమోదు చేయడం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• నేపథ్య ప్రోగ్రాం ఇచ్చే దోష సందేశాలు ఎందుకు కనబడకుండా పోతాయో చెప్పగలుగుతారు.
• సిస్‌లాగ్ ప్రాధాన్య సంఖ్యను లెక్కించగలుగుతారు.
• సందేశాలను సిస్టం లాగ్‌కు మళ్లించే మూడు పద్ధతులను, వాటి పరిమితులను వివరించగలుగుతారు.

1. పరిచయం

విశాఖ ఓడరేవుకు వచ్చే ఓడల్లో లాగ్ పుస్తకం ఉంటుంది. పూర్వం ఓడ వేగం తెలుసుకోవడానికి తాడు కట్టిన చెక్కముక్కను నీటిలోకి విసిరి, నిర్ణీత సమయంలో ఎంత తాడు జారిందో కొలిచేవారు. ఆ చెక్కను ఇంగ్లిషులో 'లాగ్' అనేవారు. ఆ కొలతలు రాసే పుస్తకం లాగ్ పుస్తకం అయింది. కంప్యూటర్ శాస్త్రంలోకి ఈ మాట అక్కడినుంచే వచ్చింది.

మీలో కొందరు ఓడరేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనిచేస్తూ చదువుకుంటూ ఉండవచ్చు. షిఫ్టు దిగేవారు రాసి పెట్టిన పుస్తకం షిఫ్టు ఎక్కేవారికి ఎంత అవసరమో మీకు తెలుసు. ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఒక యార్డులో లారీల తూకాన్ని వేబ్రిడ్జి నుంచి చదివి డేటాబేస్‌లో చేర్చే ప్రోగ్రాం ఉంది. రాత్రి 2 గంటలకు డేటాబేస్‌తో అనుసంధానం తెగింది. ప్రోగ్రాం ఆ సంగతి చెప్పింది, కాని వినేవారు లేరు. తెల్లవారేసరికి గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. తప్పు యంత్రానిదా, రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటరుదా? రాతపూర్వకమైన ఆధారం లేకపోతే నింద ఆపరేటరు మీదే పడుతుంది.

2. సందేశం ఎక్కడికి పోతుంది?

యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో మామూలుగా ప్రతి ప్రోగ్రాంకు మూడు ప్రవాహాలు ఉంటాయి. 0 ఇన్‌పుట్, 1 మామూలు ఔట్‌పుట్, 2 దోష సందేశాలు. టెర్మినల్ నుంచి నడిపినప్పుడు 1, 2 రెండూ తెరపై కనబడతాయి. అయితే తెర వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రాంకు, అంటే డీమన్‌కు, టెర్మినల్ ఉండదు. అందువల్ల సాధారణంగా ఈ మూడింటినీ 'డెవ్-నల్' అనే శూన్య పరికరానికి కలుపుతారు. దానిలో రాసినది ఏదీ మిగలదు.

3. సిస్‌లాగ్ నిర్మాణం

1980వ దశకంలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ ప్రాజెక్టులో భాగంగా సిస్‌లాగ్‌ను రూపొందించారు. 2009లో ఆర్‌ఎఫ్‌సి 5424 దానిని ప్రమాణీకరించింది. ప్రతి సందేశానికీ సమయం, ప్రోగ్రాం పేరు, ప్రాధాన్యం జతచేయడం దీని ముఖ్య లక్షణం. తీవ్రత 0 నుంచి 7 వరకు ఉంటుంది. 0 అత్యవసరం, 3 దోషం, 4 హెచ్చరిక, 6 సమాచారం, 7 డీబగ్. సందేశం ఏ విభాగానికి చెందిందో తెలిపే సంఖ్య మరొకటి ఉంటుంది. డీమన్‌ల విభాగం 3.

ప్రాధాన్యం = విభాగం × 8 + తీవ్రత

కాబట్టి డీమన్ ఇచ్చిన దోష సందేశం ప్రాధాన్యం 3 × 8 + 3 = 27.

4. మూడు పద్ధతులు

(అ) లాగర్ ఆదేశం: ప్రోగ్రాంను మార్చే వీలు లేనప్పుడు దాని 2వ ప్రవాహాన్ని పైపు ద్వారా 'లాగర్' అనే ఆదేశానికి అందించాలి. ప్రోగ్రాం పేరు తరువాత '2>&1 |' అని రాస్తే 1, 2 ప్రవాహాలు రెండూ లాగర్‌కు చేరతాయి. దోషాలు మాత్రమే కావాలంటే '2>&1' ముందు రాసి, ఆ తరువాత 1వ ప్రవాహాన్ని డెవ్-నల్‌కు మళ్లించి, చివర పైపు పెట్టాలి. ఈ వరుస తారుమారైతే దోషాలు కూడా డెవ్-నల్‌లోకే పోతాయి. ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. అన్ని సందేశాలకూ ఒకే తీవ్రత పడుతుంది. లాగర్ మధ్యలో ఆగిపోతే, పైపులో రాయబోయిన ప్రోగ్రాం కూడా ఆగిపోవచ్చు.

(ఆ) సిస్టమ్‌డి సేవ: ప్రోగ్రాంను సిస్టమ్‌డి సేవగా నడిపితే, మామూలు అమరికలో 1, 2 ప్రవాహాలు రెండూ జర్నల్‌కు చేరతాయి. అయితే వాటికి తీవ్రత 6గా, అంటే సమాచారంగా, నమోదవుతుంది. దోషాలను మాత్రమే వెతికితే అవి కనబడవు. సందేశం మొదట '<3>' అని ముద్రించేలా చేస్తే అది దోషంగా నమోదవుతుంది.

(ఇ) సిస్‌లాగ్ ఫంక్షన్: ప్రోగ్రాం మీరే రాస్తున్నప్పుడు సి భాషలోని సిస్‌లాగ్ ఫంక్షన్‌ను పిలిచి, ఒక్కొక్క సందేశానికి తగిన తీవ్రత ఇవ్వవచ్చు. మూడింటిలో ఇది మేలైనది.

5. లాగ్‌ను కాపాడుకోవడం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు నగరంలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అలాంటప్పుడు మెమరీలో మాత్రమే ఉన్న లాగ్ పోతుంది. జర్నల్ నిల్వ 'ఆటో' అమరికలో ఉంటే, 'వార్-లాగ్' కింద 'జర్నల్' అనే డైరెక్టరీ ఉన్నప్పుడే లాగ్ డిస్కుపై నిలుస్తుంది. ముఖ్యమైన లాగ్ ప్రతిని మరోచోట ఉన్న కంప్యూటరుకు కూడా పంపాలి. ఇందుకు యూడీపీ 514వ పోర్టు వాడటం పాత అలవాటు. అందులో సందేశం దారిలో పోయినా తెలియదు కనుక టీసీపీ మేలు.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాటి పరిధిలోని సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, కంప్యూటర్ల గడియారాలను సరిచూసుకోవాలి. సమయం తప్పుగా ఉన్న లాగ్ ఆధారంగా నిలవదు. సంకేతపదాలను మాత్రం లాగ్‌లో ఎప్పుడూ రాయకండి.

6. సారాంశం

డీమన్ మాటలు వినడానికి టెర్మినల్ ముందు ఎవరూ ఉండరు. కాబట్టి 2వ ప్రవాహాన్ని సిస్టం లాగ్‌కు కలపాలి. సమయం, పేరు, తీవ్రత ఉన్న ఒక్క పంక్తి ఉంటే, మన ఉదాహరణలో లోపం ఎక్కడిదో ఉదయమే తేలిపోయేది. ఆపరేటరు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని ఉండేది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డీమన్ ఇచ్చిన హెచ్చరిక ప్రాధాన్య సంఖ్య ఎంత? (జవాబు: 28)
2. '2>&1' ముందు రావడానికీ తరువాత రావడానికీ తేడా ఏమిటి?
3. జర్నల్‌లో దోషాల కోసం వెతికినా ప్రోగ్రాం దోషం కనబడకపోవడానికి ఒక కారణం రాయండి.