వంటల పుస్తకానికి గ్రంథాలయంలో చోటు ఎలా దక్కుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో పౌర గ్రంథాలయాలు 1960 నాటి చట్టం ప్రకారం, ఆస్తిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుపై ప్రధానంగా ఆధారపడతాయి కనుక, కొనే పుస్తకం కథలదైనా వంటలదైనా, ఆ ఊరి పాఠకులకు అక్కరకు రావడమే ఎంపికకు మొదటి గీటురాయి. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉండాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో చెప్పిన మాటకు అర్థం కూడా ఇదే.

పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ వర్గీకరణలో వంటకు 641.5, ఆహారాన్ని నిల్వచేసే పద్ధతులకు 641.4 సంఖ్యలు కేటాయించారు. చిన్నరసాలు, పెదరసాలు అనే మామిడి రకాలకు పేరొందిన నూజివీడు ప్రాంతంలో కాయ ఆవకాయగా, మాగాయగా, పండు తాండ్రగా మారి ఏడాది పొడవునా నిలవాలి కాబట్టి, ఇక్కడి గ్రంథాలయానికి రెండో విభాగం మొదటి దానితో సమానంగా ముఖ్యం.

పుస్తకం విలువ తేల్చడానికి ఆవకాయ పుట ఒక్కటి చదివినా చాలా సంగతులు తెలుస్తాయి. పులుపు, పీచు ఉన్న గట్టి కాయను ఎంచుకోవడం, టెంకతో సహా ముక్క కొట్టి జీడి, పొర తీసివేయడం, తడి లేకుండా తుడవడం, ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు, నూనె ముక్కల పైకి తేలేలా పోయడం అందులో వరుసగా ఉన్నాయో లేదో చూడాలి. ఉప్పూ పులుపూ కలిసి పచ్చడిని చెడకుండా కాపాడతాయి, పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది కనుక, పాళ్లు తప్పుగా అచ్చయిన పుస్తకం జాడీ మొత్తాన్ని పాడుచేయగలదు. సోల, తవ్వ, మానిక వంటి పాత కొలతలతో పాటు గ్రాముల లెక్క కూడా ఇచ్చిన పుస్తకం పెద్దలకూ కొత్తగా వంట నేర్చుకునేవారికీ ఉపయోగపడుతుంది.

నూజివీడులో పుట్టి, 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న నవలాకారిణి మాలతీ చందూర్ రాసిన ‘వంటలు-పిండివంటలు’ పలుమార్లు పునర్ముద్రణ పొంది, తెలుగు ఇళ్లలో తరాల పాటు నిలిచింది. ఇటువంటి పుస్తకం కొత్త ముద్రణను ఇంటికి అరువిచ్చే విభాగంలోనూ, దొరికితే పాత ప్రతిని అక్కడే కూర్చుని చదువుకునే సంప్రదింపు విభాగంలోనూ ఉంచడం సముచితం. ఎందుకంటే చేతులు మారి నూనె మరకలతో చిరిగే ప్రతిని మళ్లీ కొనవచ్చు గాని, ఒక కాలపు కొలతలనూ గిన్నెలనూ పొయ్యినీ నమోదు చేసిన పాత ముద్రణ పోతే తిరిగి దొరకడం కష్టం.

అందువల్ల వంటల పుస్తకాలను కాలక్షేపపు సరుకుగా పక్కన పెట్టడం సరికాదు. తమకు ఏ పుస్తకం కావాలో పాఠకులు గ్రంథాలయాధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇళ్లలో మిగిలిన చేతిరాత వంటల నోటుపుస్తకాల నకళ్లను కూడా గ్రంథాలయానికి అందజేయాలి.