ట్రెయిలరు చట్రమునందు విరిగి చిక్కిన బోల్టును తీయు విధము

ట్రాక్టరు వెనుక గట్టు ట్రెయిలరునకు కమానుపట్టెలను, కొక్కెమును, తొట్టిని చట్రముతో బంధించి యుంచునవి బోల్టులే. వీనిలో నొకటి విరిగినచో దాని భారము మిగిలిన వానిపై బడి, అవియు క్రమముగా విరుగును. ధాన్యము నింపిన బండి బాటలో కూలినచో నష్టము ధాన్యముతోనే తీరదు, ప్రాణహానియు సంభవింపవచ్చును. కావున విరిగిన బోల్టును కనుగొనినంతనే బండిని నిలిపి, దానిని తీసి క్రొత్తది బిగింపవలెను. అయితే తొందరపడి చట్రపు రంధ్రమును చెరుపుకొనుట కూడదు.

1. చిక్కుటకు కారణము

ఇనుము త్రుప్పు పట్టినపుడు ఆ త్రుప్పు మొదటి యినుముకంటె నెక్కువ చోటు నాక్రమించును. అది మరచుట్ల నడుమ చేరి మేకువలె బిగియును. బురదయు, పొటాషు మొదలగు ఎరువుల ఉప్పును త్రుప్పును త్వరపరచును. బోల్టు ఎట్లు విరిగినదో మొదట విచారింపవలెను. నట్టు వదులై, కుదుపులకు విరిగిన బోల్టు ముక్క తరచుగా సులభముగానే వచ్చును. త్రుప్పు పట్టినదానిని పానాతో బలవంతముగా త్రిప్పగా విరిగినదైనచో మిక్కిలి ఓర్పు కావలెను.

2. ముందుగా చేయవలసిన పనులు

బండిని సమతలమున నిలిపి, బరువు దింపి, ట్రాక్టరునుండి విడదీసి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. చట్రము క్రింద దృఢమైన దిమ్మలుంచవలెను. జాకీ నొక్కదానినే నమ్మి క్రిందికి దూరరాదు.

పిమ్మట చట్రపు వెనుకవైపు చూడవలెను. రంధ్రములో మరలు లేక, ఆవలివైపు నట్టుతో బిగించిన బోల్టైనచో నట్టును తీసియో కోసియో, ముక్కను పంచితో ఆవలికి కొట్టివేయవచ్చును. రంధ్రములోనే మరలున్నచో ఈ దిగువ క్రమము ననుసరింపవలెను.

తీగె బ్రష్షుతో త్రుప్పును రాల్చి, త్రుప్పు వదలించు నూనెను రెండువైపుల నుండియు పోయవలెను. అది దొరకనిచో కిరసనాయిలులో కొంచెము ఇంజను ఆయిలు కలిపి వాడవచ్చును. సుత్తితో మెల్లగా తట్టుచు, మరల మరల నూనె పోయుచు ఒక రాత్రి నాననీయవలెను.

3. తీయు పద్ధతులు

సాధారణపు బోల్టు ప్రదక్షిణముగా త్రిప్పిన బిగియును, అప్రదక్షిణముగా త్రిప్పిన వదులగును. సులభమైన పద్ధతితో మొదలుపెట్టి, అది ఫలింపనిచో తరువాతిదానికి పోవలెను.

(అ) ముక్క బయటికి పొడుచుకొని యున్నచో, దాని రెండు ప్రక్కలను ఆకురాయితో చదును చేసి పానా పట్టింపవలెను. మొదట వెండ్రుకవాసి బిగించి, పిమ్మట వదలించి, ఇట్లు ముందు వెనుకలకు త్రిప్పుచు రావలెను. ఒక్కసారిగా లాగినచో ముక్క మరల విరుగును.

(ఆ) కదలనిచో నూనెను శుభ్రముగా తుడిచి, బోల్టును గాక దాని చుట్టునున్న చట్రమును వేడిచేయవలెను. 10 మిల్లీమీటర్ల రంధ్రము 200 డిగ్రీల వేడి పెరిగినపుడు సుమారు మిల్లీమీటరులో 40వ వంతు పెద్దదగును. ఇది స్వల్పమే యైనను త్రుప్పు పట్టు సడలుటకు చాలును.

(ఇ) ముక్క చట్రముతో సమముగా నున్నచో దానిపై నొక నట్టునుంచి, నట్టు నడిమి రంధ్రములో వెల్డింగు చేయించి, కొంత చల్లారిన పిదప పానాతో త్రిప్పవలెను. వెల్డింగు వేడియే త్రుప్పును సడలించును.

(ఈ) ముక్క లోపలికి పోయియున్నచో సరిగా నడుమ పంచితో గుంటకొట్టి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తిన్నగా తొలిచి, 10 మిల్లీమీటర్ల బోల్టునకు ఆ తూటును 5 మిల్లీమీటర్లవరకు పెంచవలెను. నూనె వేయుచు నెమ్మదిగా తొలువవలెను. పిమ్మట ఎడమ మరగల ఎక్స్‌ట్రాక్టరును తూటులో దిగగొట్టి చేతితో త్రిప్పవలెను. ఇది మిక్కిలి గట్టి ఉక్కు గాన పెళుసుగా నుండును. లోపల విరిగినచో సాధారణపు డ్రిల్లు దానిపై పనిచేయదు. కావున తిరుగనిచో బలవంతము చేయక ఆపవలెను.

ఇదియు సాగనిచో, మర దూరము 1.5 మిల్లీమీటర్లుగల 10 మిల్లీమీటర్ల బోల్టునకు 8.5 మిల్లీమీటర్ల వరకు తొలిచి, మిగిలిన పెంకును ఊడదీసి, ట్యాపుతో మరలను తిరిగి కోయించవలెను. ఈ పని అనుభవజ్ఞుడైన మెకానిక్కుచే చేయించుట మేలు.

4. క్రొత్త బోల్టు

తలపై 8.8 అని ముద్రగల బోల్టు 4.6 ముద్రగల దానికి రెండింతలు లాగుడును తట్టుకొనును. పాతదానిపై నున్న ముద్రకు తక్కువైనదానిని, చౌకయని, వాడరాదు. మరలకు కొంచెము కందెన పూసి, మొదట చేతితో ఎక్కించి, పిదప పానాతో బిగింపవలెను. మొదటి బరువు తోలిన పిమ్మట బిగింపును మరల పరీక్షింపవలెను.

5. హెచ్చరికలు

గ్యాసు మంటతో రంధ్రమును కోసి పెద్దది చేయరాదు, చట్రము బలహీనపడును. వెల్డింగునకు ముందు గడ్డిని, డీజిలును దూరముగా నుంచవలెను. జస్తు పూత గల బోల్టును కాల్చిన పొగ హానికరము. తొలుచునపుడు కంటికి అద్దములు తప్పనిసరి.

కోతలకు ముందే ప్రతి బోల్టును ఒకసారి పానాతో పరీక్షించుకొన్న రైతునకు ఈ శ్రమ చాలవరకు తప్పును.