మూత్రంలో మంట తగ్గకపోతే ఏం చేయాలి?

(యు.ఏ.ఈ.లో పనిచేస్తున్న కార్మిక సోదర సోదరీమణుల కోసం)

మూత్రం పోసేటప్పుడు మంట, నొప్పి, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలే రావడం – ఈ బాధను మనవాళ్లు తొందరగా ఎవరికీ చెప్పుకోరు. "ఒంట్లో వేడి చేసింది, బార్లీ నీళ్లు తాగితే అదే పోతుంది" అని సరిపెట్టుకుంటారు. ఎండలో నీళ్లు చాలక వచ్చిన మంట అయితే, నీళ్లు బాగా తాగితే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. రెండు రోజులు దాటినా తగ్గలేదంటే క్లినిక్‌కు వెళ్లాలి. మందు వాడాక తగ్గి మళ్లీ వస్తోందంటే స్పెషలిస్టు డాక్టరుకు చూపించుకోవాలి.

ఎందుకు వస్తుంది?

ఎక్కువగా మూత్రంలో సూక్ష్మజీవులు చేరి ఇన్‌ఫెక్షన్ కావడం వల్ల వస్తుంది. ఇది ఆడవాళ్లకు ఎక్కువ. మగవాళ్లకు వస్తే వెనుక ఇంకేదో కారణం ఉందేమోనని డాక్టరు చూడాల్సి ఉంటుంది. ఆ కారణాలు ఇవి కావచ్చు:

– కిడ్నీలో గానీ, మూత్రాశయంలో గానీ రాయి. ఎండలో చెమట పోసి, నీళ్లు చాలనివాళ్లకు రాళ్లు తొందరగా ఏర్పడతాయి.
– షుగర్ వ్యాధి. దాహం ఎక్కువై, మాటిమాటికీ ఎక్కువ మూత్రం పోతుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి.
– వయసు యాభై దగ్గర పడినవారికి ప్రోస్టేట్ గ్రంథి వాపు. ధార సన్నబడుతుంది, రాత్రుళ్లు లేవాల్సి వస్తుంది.
– లైంగిక సంబంధం వల్ల అంటిన వ్యాధి. చీము లాంటిది కారుతుంది. సిగ్గుపడి దాచవద్దు, దీనికి మందు ఉంది. నయం కాకుండా సెలవుపై ఇంటికి వెళ్తే మీ భార్యకు గానీ, భర్తకు గానీ అంటుతుంది.
– అరుదుగా, కిడ్నీకి లేదా మూత్రాశయానికి సోకిన టీబీ. ఇది మామూలు యాంటీబయాటిక్ మందులకు తగ్గదు.

నీళ్లు తగ్గించకండి

సైటులో టాయిలెట్ దూరమనో, ఫోర్‌మన్ కోప్పడతాడనో చాలామంది నీళ్లు తాగడం తగ్గిస్తారు, వచ్చిన మూత్రాన్ని ఆపుకుంటారు. ఈ రెండూ జబ్బును పెంచుతాయి. దాహం వేసేదాకా ఆగకుండా, పని మధ్యలో కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. ముదురు పసుపు రంగులో ఉంటే చాలనట్టు. జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. ఆ విరామంలో నీళ్లు తాగండి, మూత్రానికి వెళ్లి రండి.

బార్లీ నీళ్లు, మజ్జిగ తాగడం మంచిదే. కానీ ఇన్‌ఫెక్షన్‌కు అవి మందు కావు.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలు

1. మంటతో పాటు చలి జ్వరం, వాంతులు, నడుముకు ఒక పక్క తీవ్రమైన నొప్పి.
2. మూత్రం అసలు రాకపోవడం, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెట్టడం.
3. మూత్రంలో రక్తం కనిపించడం.
4. వృషణాల్లో నొప్పి, వాపు.
5. గర్భిణీ స్త్రీకి మంట రావడం.

మొదటి రెండు లక్షణాలుంటే తెల్లవారే వరకు ఆగవద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. నడవలేని స్థితిలో ఉంటే 998కి ఫోన్ చేసి అంబులెన్సును పిలవండి.

స్పెషలిస్టు ఎప్పుడు అవసరం?

మూత్ర వ్యాధుల స్పెషలిస్టును యూరాలజిస్ట్ అంటారు. మందులు పూర్తిగా వాడినా మంట తగ్గకపోతే, ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే, మగవారికి రెండోసారి వస్తే, స్కానింగ్‌లో రాయి కనిపిస్తే యూరాలజిస్ట్‌ను కలవాలి. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడి ఆగిపోయినా సరే, కలవాలి. బీడీ, సిగరెట్ తాగేవారు దీన్ని అసలు వదిలేయకూడదు. పొగ తాగేవారికి మూత్రాశయ క్యాన్సర్ ప్రమాదం ఎక్కువ.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి?

ఇంగ్లీషు రాకపోయినా భయం లేదు. ఇక్కడ చాలా క్లినిక్‌లలో హిందీ తెలిసినవారు ఉంటారు. "పిషాబ్ మే జలన్ హై" అంటే మూత్రంలో మంట అని అర్థం. ఎన్ని రోజుల నుండి ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇంతకుముందు ఏ మందు వాడారు – ఈ మూడూ చెప్పండి. పాత మందు చీటీ, ఖాళీ స్ట్రిప్ ఉంటే వెంట తీసుకెళ్లండి.

మంట మళ్లీ మళ్లీ వస్తుంటే "యూరిన్ కల్చర్" పరీక్ష చేయమని అడగండి. ఏ సూక్ష్మజీవి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అనేది అందులో తెలుస్తుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ ఇవ్వాలి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను డబ్బాలో పట్టాలి.

బాధ తగ్గింది కదా అని మందు మధ్యలో ఆపవద్దు. రూమ్‌మేటు దగ్గర మిగిలిన మాత్రలు వేసుకోవద్దు. ఊరి నుండి వచ్చేవారి చేత నొప్పి మాత్రలు తెప్పించుకోవద్దు. ట్రమడాల్, కోడైన్ ఉన్న మందులను ఇక్కడ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం.

ఖర్చు, సెలవు, ఉద్యోగ భయం

వైద్య బీమా ఖర్చు యజమానిదే. దాన్ని మీ జీతంలో కోయకూడదు. బీమా నెట్‌వర్క్‌లో ఉన్న క్లినిక్‌కు ఎమిరేట్స్ ఐడి తీసుకుని వెళ్లండి. సాధారణ బీమాలో ముందు మామూలు డాక్టరు చూసి రెఫరల్ రాస్తేనే స్పెషలిస్టు ఖర్చు వస్తుంది. కాబట్టి ఆ కాగితం అడిగి తీసుకోండి. ఎమర్జెన్సీకి మాత్రం రెఫరల్ కోసం ఆగవద్దు.

ప్రొబేషన్ ముగిసినవారికి ఏడాదికి 90 రోజుల వరకు అనారోగ్య సెలవు ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేకుండా. జబ్బు సంగతి మూడు పని దినాల్లోగా కంపెనీకి తెలిపి, మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. ఇచ్చిన దాని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

"జబ్బు బయటపడితే ఇంటికి పంపేస్తారు" అనే భయంతోనే కొందరు నెలల తరబడి ఓర్చుకుంటారు. వీసా మెడికల్ పరీక్షలో చూసే జబ్బులు వేరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రాయి, షుగర్ అందులో లేవు. దాచిపెట్టి కిడ్నీ చెడితే మాత్రం పనీ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది.

కంపెనీ గానీ, పనిచేసే ఇంటివారు గానీ ఆసుపత్రికి పంపకపోతే భారతీయ కార్మికుల సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342కు ఫోన్ చేయండి. మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఉంటున్న చోటు, జబ్బు ఎన్ని రోజుల నుండి ఉందో చెప్పండి. ఈ నంబరు మీ గదిలో ఉన్నవారికి కూడా రాసివ్వండి.